అప్‌డేట్: ఖాళీ లారీలో నడుం నొప్పి, కారణం దొరికింది

మిర్యాలగూడ బియ్యం హైదరాబాద్‌లో దించి ఖాళీగా వచ్చేటప్పుడు సీటు ఎగిరెగిరి పడుతోందని, దిగాక నడుం పట్టేస్తోందని ఇక్కడ అడిగాను కదా. సలహాలిచ్చిన అన్నలందరికీ థ్యాంక్స్.

సీటు కింద షాకబ్జార్ (కుదుపు ఆపే ఆయిల్ గొట్టం) చూడమన్న అన్న మాటే నిజమైంది. నల్గొండ మెకానిక్ సీటు విప్పితే దాని ఆయిలంతా కారిపోయి, రాడ్డు చుట్టూ దుమ్ము నల్లగా ముద్దకట్టి ఉంది. వేలితో నొక్కితే సర్రున లోపలికి పోయింది! క్యాబిన్ వెనక అదురు ఆపే రబ్బరు బుష్ కూడా చీలింది. రెండూ మార్పించాక నార్కట్‌పల్లి రాకముందే తేడా తెలిసింది. లోడుకోసం చేసిన కమాన్ కట్టలు (ఇనుప పట్టీల స్ప్రింగులు) ఖాళీ బండిలో సరిగా వంగవు, అందుకే అప్పుడే ఎక్కువ కుదుపు.

ముందు ఈ కుదుపు కోసం చేయించిన వీల్ బ్యాలెన్సింగ్ డబ్బులు దండగ. సీటు మీద మెత్తటి ఫోమ్ వేస్తే ఊపు ఇంకా పెరిగింది.

డాక్టర్ పరీక్ష చేసి డిస్క్ జారిన లక్షణాలు లేవు, కండరాలే పట్టేశాయన్నారు. కూర్చున్న మనిషి వెన్ను సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే ఊపుకే బాగా అదురుతుందట, లారీ ఊపు కూడా ఆ లెక్కకు దగ్గర్లో ఉంటుందని ఫిజియో చెప్పారు. దిగీదిగగానే తాళ్లు బిగించడం, బస్తా ఎత్తడం వద్దన్నారు. కాసేపు నడిచాకే. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, ఇప్పుడు మాత్రలు వాడట్లేదు.