రోజంతా ఇంట్లోనే ఉండే నాన్నకి రిక్లైనర్ కొనాలి, ఏది తీసుకోవాలో చెప్పండి

కృష్ణలంక అబ్బాయి:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. మా నాన్నకి 71 ఏళ్ళు, ఆర్టీసీలో 30 ఏళ్ళ పైన డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు, నడుం నొప్పి అప్పట్నుంచీ ఉంది, ఇప్పుడు దానికి తోడు కుడి మోకాలికి ఆపరేషన్ అయ్యి అయిదో నెల నడుస్తోంది. పొద్దున్నే సందులో అటూ ఇటూ ఒక పావుగంట నడుస్తారు, మిగతా టైమంతా హాల్లోనే. పేపరు, టీవీ, మధ్యాహ్నం కునుకు అన్నీ కూర్చునే. లెక్కేస్తే రోజుకి 9-10 గంటలు కుర్చీలోనే గడిచిపోతోంది.

ఇన్నాళ్ళూ ఆయనకి పడక్కుర్చీ ఉండేది, మా తాతయ్య చేయించిన టేకు కుర్చీ, రెండేళ్ళకోసారి గుడ్డ మార్చుకుంటూ వాడుతున్నాం. ఆపరేషన్ అయ్యాక అందులోంచి సొంతంగా లేవలేకపోతున్నారు, ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. సోఫాలో కూర్చుంటే ఇంకో బాధ, ఆయన 5 అడుగుల 3 అంగుళాలు ఉంటారు, వెనక్కి ఆనుకుంటే పాదాలు నేలకి ఆనవు, ముందుకి జరిగితే నడుం వెనక ఖాళీ. పోయిన వారం లేవబోతూ టీపాయ్ మీద చెయ్యి ఆనించారు, అది టైల్స్ మీద జర్రున జారిపోయింది, దేవుడి దయ వల్ల మళ్ళీ సోఫాలోనే పడ్డారు. అది కళ్ళారా చూసిన దగ్గర్నుంచి ఆఫీసుకెళ్ళినా మనసంతా ఇంటి దగ్గరే ఉంటోంది.

మూడు షోరూములు తిరిగాను. అందరూ లివర్ లాగి ఎంత వెనక్కి పడుకోవచ్చో చూపిస్తున్నారు గానీ అందులోంచి ఎలా లేవాలో ఒక్కరూ చెప్పట్లేదు. మాన్యువలా, మోటారా? రెక్సినా, గుడ్డా? హాలు 10 బై 12, రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, వేసవిలో కరెంటు పోతుంటుంది. బడ్జెట్ 35 వేలు, అవసరమైతే ఇంకో రెండు మూడు వేలు చూసుకుంటా. వాడినవాళ్ళు చెప్తే మేలు చేసినవాళ్ళవుతారు.

రాజమండ్రి ఫిజియో:

అసలు విషయం మీరే పట్టుకున్నారండి, లేవడం. నేను ఫిజియోథెరపిస్టుని, మోకాళ్ళ ఆపరేషన్ అయినవాళ్ళనే రోజూ చూస్తుంటాను. ఎంత వెనక్కి వాలుతుందన్నది తర్వాత, ముందు ఒక టేపు తీసుకుని నాన్నగార్ని ఇంట్లో ఏదైనా గట్టి కుర్చీలో చెప్పులు లేకుండా కూర్చోబెట్టి రెండు కొలతలు తీయండి. నేల నుంచి మోకాలి వెనక మడత దాకా ఒకటి, వీపు ఆనిన చోటు నుంచి అదే మడత దాకా ఇంకోటి. మొదటిదానికి ఒక అంగుళం, మహా అయితే రెండు కలిపితే అది ఆయనకి కావాల్సిన సీటు ఎత్తు. మనిషి కూర్చుని ఫోమ్ అణిగాక ఉండే ఎత్తు సుమండీ, ఖాళీ కుర్చీకి టేపు పెట్టి కొలిచింది కాదు. రెండోదాంట్లోంచి రెండు మూడు వేళ్ళ వెడల్పు తీసేస్తే సీటు లోతు. షోరూముల్లో చాలావాటి లోతు 20 అంగుళాల పైనే ఉంటుంది, అది పొడుగు మనిషికి సరిపోతుంది, మీ నాన్నగారి ఎత్తువాళ్ళు అందులో వీపు ఆనించి కూర్చుంటే సీటు అంచు పిక్కల్లో గుచ్చుకుంటుంది, లేదంటే కిందకి జారి వెన్ను విల్లులా వంగిపోతుంది. పడక్కుర్చీతో వచ్చే ఇబ్బంది కూడా అదే, గుడ్డ సాగేకొద్దీ బరువంతా తోక ఎముక మీద పడుతుంది.

ఇంకొకటి ఎవరూ చూడరు. కుర్చీలోంచి లేచేటప్పుడు మనం మనకి తెలీకుండానే పాదాలు వెనక్కి, మోకాళ్ళ కిందకి లాక్కుంటాం, అప్పుడే బరువు కాళ్ళ మీదకొస్తుంది. కొన్ని రిక్లైనర్లకి ఫుట్‌రెస్ట్ మూసినప్పుడు ఆ పలక నేల దాకా అడ్డుగా వస్తుంది, మడమలు వెనక్కి పోవు. కాబట్టి కింద కనీసం నాలుగైదు అంగుళాల ఖాళీ ఉందో లేదో చూడండి. ఆర్మ్‌రెస్టులు గట్టిగా ఉండాలి, ముందు సీటు అంచు దాకా రావాలి. దిండ్లలా ఉబ్బినవి చూడ్డానికి బాగుంటాయి గానీ లేచేటప్పుడు చెయ్యి అందులో కూరుకుపోతుంది.

మాన్యువల్ గురించి, లివర్ లాగితే ఫుట్‌రెస్ట్ తెరుచుకుంటుంది, సరే, మూయాలంటే మడమలతో గట్టిగా కిందకి నొక్కాలి. ఆపరేషన్ అయిన మోకాలికి ఆ నొక్కుడు నొప్పి. లివర్ లేని పుష్ బ్యాక్ రకం అయితే వాలడానికి వీపుతో, చేతులతో తోయాలి, బక్కపల్చని మనిషికి అది కదలదు. అందుకే మీకు మోటారే చెప్తాను. ఫుట్‌రెస్ట్ పూర్తిగా దిగకుండా దాని మీద నుంచి ముందుకి జారి లేవొద్దని మాత్రం ఆయనకి పదే పదే చెప్పండి, కుర్చీ ముందుకి తిరగబడుతుంది.

కాలు చాపుకున్నప్పుడు సుఖంగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుంటారు చాలామంది, అది గంటలకొద్దీ ఉంచితే మోకాలు పూర్తిగా చాచుకోవడం పోతుంది. పెట్టాలంటే మడమ దగ్గర పెట్టండి. అరగంట, ముప్పావుగంటకోసారి లేపి హాల్లో ఒక రౌండ్ నడిపించండి, ఎంత ఖరీదైన కుర్చీ కొన్నా ఇది తప్పదు. కాలు వాపు తగ్గడానికి రిక్లైనర్ ఒక్కటే సరిపోదు, మామూలు వాటిల్లో ఫుట్‌రెస్ట్ మహా అయితే సీటు ఎత్తుకి లేస్తుంది, వాపు లాగాలంటే మంచం మీద పడుకుని కాలు గుండె కంటే ఎత్తులో పెట్టాలి. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా వేడిగా అనిపిస్తే మాత్రం ఆ రోజే డాక్టర్‌కి చూపించండి, ఆగొద్దు.

డల్లాస్ గోదారోడు:

మా అమ్మానాన్న ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఆరు నెలలుంటారు, అమ్మకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయని లిఫ్ట్ చైర్ కొన్నాను. బటన్ నొక్కితే కుర్చీ మొత్తం ముందుకి ఒంగి మనిషిని దాదాపు నిలబెట్టేస్తుంది. ఇండియాలో కూడా దొరుకుతున్నాయి ఇప్పుడు, కాస్త రేటు ఎక్కువ. బడ్జెట్ కొంచెం పెంచగలిగితే దానికే వెళ్ళండి అన్నా, అమ్మకి నిజంగా చాలా సాయమైంది.

రాజమండ్రి ఫిజియో:

మీ అమ్మగారి విషయంలో మంచి పని చేశారండి, అసలు లేవలేనివాళ్ళకి అది వరమే. కానీ ఈయనకి ఆపరేషన్ అయ్యి అయిదో నెల, తొడ కండరం మళ్ళీ బలపడాల్సిన టైము ఇది. రోజుకి ఇరవై సార్లు కుర్చీలోంచి లేస్తే అదే ఇరవై సార్లు వ్యాయామం, ఆ పని మిషన్‌కి అప్పజెప్తే కాలు అలాగే ఉండిపోతుంది. సరైన ఎత్తులో కూర్చుంటే ఆయనే లేవగలరని నా నమ్మకం.

సీతమ్మధార:

మాది వైజాగ్. మా అత్తగారికి మూడేళ్ళ క్రితం మోటార్ రిక్లైనర్ తెచ్చాం, ఏ కంపెనీదో చెప్పను. ఒకరోజు మధ్యాహ్నం నేను పైన బట్టలు ఆరేస్తున్నా, కరెంటు పోయింది, ఆవిడ కాళ్ళు పైకి ఉండగానే కుర్చీ ఆగిపోయింది. బాత్రూంకి వెళ్ళాలి, దిగలేరు, పిలిస్తే నాకు వినబడలేదు. నేను కిందకొచ్చేసరికి కళ్ళలో నీళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. పెద్దవాళ్ళకి అంతకన్నా అవమానం ఉండదండి. ఆ తర్వాత ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ ప్లగ్ పాయింట్‌ని ఇన్వర్టర్ లైన్ మీదకి మార్పించాం, ఖర్చు కూడా పెద్దగా కాలేదు. కొన్నిటికి అడాప్టర్‌లోనే చిన్న బ్యాటరీలు పెట్టుకునే చోటుంటుంది, కరెంటు పోయినా ఒక్కసారి కిందకి దించడానికి పనికొస్తాయి. కొనే ముందు షాపులో ప్లగ్ పీకేసి అడగండి, ఇప్పుడు ఎలా దిగాలో చూపించండి అని.

తెనాలి సోఫా పని:

అన్నా, నేను 18 ఏళ్ళుగా సోఫాలు చేస్తున్నా, రిపేర్లు ఎక్కువ, అందుకని లోపల ఏం పోతుందో నాకు బాగా తెలుసు. ఫోమ్ డెన్సిటీ అడుగు, అంటే ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలుందో, రోజుకి పది గంటలు కూర్చునే మనిషికి 40 డెన్సిటీ లేకపోతే ఏడాదికే గుంట పడిపోద్ది, 28, 32 వేసి మెత్తగా ఉందని అమ్ముతారు, షాపులో రెండు నిమిషాలు కూర్చుంటే అదే బాగుందనిపిస్తది. వీపుకి మెత్తటిది వేసినా పర్లేదు, సీటుకి మాత్రం వద్దు. సీటు కింద స్ప్రింగా బెల్టా అడుగు, బెల్టు అయితే దగ్గర దగ్గరగా వేశారో లేదో కుర్చీ ఎత్తించి కింద గుడ్డ జిప్పు తీసి చూడు, చూపించనంటే ఆ షాపు వదిలెయ్.

రెక్సిన్ వద్దన్నా. మన ఎండలకి వీపు అతుక్కుపోద్ది, చెమట, దానికి తోడు తలకి నూనె. నా దగ్గరికి వచ్చే రిక్లైనర్లు పదిట్లో ఏడెనిమిది తల ఆనే చోటే పొరలు పొరలుగా లేచిపోయి ఉంటాయి, నూనె తగిలి. గుడ్డ వేయించుకో, బిగువుగా నేసిన మందం గుడ్డ, తల దగ్గర టవల్ వేసి వారానికోసారి ఉతికితే ఎన్నేళ్ళైనా ఉంటది.

హాలు 10 బై 12 అన్నావు. మామూలు రిక్లైనర్‌కి వెనక గోడ నుంచి అడుగు ఖాళీ కావాలి, పూర్తిగా తెరిస్తే పొడవు అయిదున్నర అడుగులు దాటుద్ది. గోడకి దగ్గరగా పెట్టే మోడల్ ఉంటది, వెనక్కి వాలేటప్పుడు సీటే ముందుకి జరుగుతుంది, దానికి నాలుగైదు అంగుళాలు చాలు. కొనే ముందే పాత న్యూస్‌పేపర్లు నేల మీద ఆ సైజులో పరిచి చూస్కో, బాత్రూంకి వెళ్ళే దారికి అడ్డం వస్తుందో లేదో. మెట్ల గురించి భయపడకు, వీపు భాగం లాక్ తీసి విడిగా ఊడొచ్చుద్ది, ఇద్దరు మనుషులుంటే పైకి వెళ్ళిపోద్ది.

రెడీమేడ్‌లో ఆయన కొలత దొరక్కపోతే మీ ఊళ్ళోనే మెకానిజం తెప్పించి చేసేవాళ్ళున్నారు, కొలతలిచ్చి చేయించుకో. ఇంట్లో చిన్న పిల్లలుంటే ఒక మాట, ఫుట్‌రెస్ట్ మూసేటప్పుడు ఆ సందులోకి చేతులు పెడతారు, ఇనప పట్టీలుంటాయి లోపల. రిమోట్ పిల్లలకి అందనీయొద్దు.

మాదాపూర్ నైట్ షిఫ్ట్:

ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నా ఏమనుకోకండి, వర్క్ ఫ్రమ్ హోమ్‌కి ల్యాప్‌టాప్ పెట్టుకుని రిక్లైనర్‌లో పని చేసుకోవచ్చా? హైదరాబాద్ ఐకియాలో పోయాంగ్ కుర్చీ చూశాను, కూర్చుంటే భలే ఊగుతూ హాయిగా ఉంది, అది అన్న వాళ్ళ నాన్నగారికి కూడా పనికొస్తుందా?

రాజమండ్రి ఫిజియో:

పోయాంగ్ చదువుకోడానికి, పాటలు వినడానికి మంచిదే, కానీ సీటు వెనక్కి వాలి ఉంటుంది, మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు అందులోంచి లేవడం కష్టం. మీ పని సంగతికొస్తే, వెనక్కి వాలి ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుంటే మెడ ముందుకి వంగుతుంది, నడుముకి దక్కిన సుఖమంతా మెడ దగ్గర పోతుంది. పనికి టేబులూ ఆఫీసు కుర్చీ ఉంచుకోండి, కాల్స్ వినేటప్పుడు మాత్రం రిక్లైనర్‌లోకి మారండి, 110-120 డిగ్రీలు వాలితే డిస్కుల మీద ఒత్తిడి తగ్గుతుంది.

కృష్ణలంక అబ్బాయి:

అందరికీ పేరు పేరునా థాంక్స్. మూడు వారాలు ఆగి రాస్తున్నా. ఫిజియో గారు చెప్పినట్టు కొలిస్తే మోకాలి మడత దాకా 16 అంగుళాలు, లోతు 18. ఈసారి నాన్నని వెంటపెట్టుకుని వెళ్ళాను, ఇంతకుముందు ఆయన్ని తీసుకెళ్ళకపోవడమే నా తప్పు. మొదటి షాపులో కుర్చీ ఎక్కి కూర్చోగానే కిందకి చూసుకుని, కాలు ఆనట్లేదు రా, క్లచ్ అందని సీటులా ఉంది, దీంట్లో పొద్దస్తమానం కూర్చోలేను అన్నారు. ఆయన బస్సు ఎక్కగానే ముందు సీటు సర్దుకుని, కాలు పూర్తిగా వేసి చూసుకుని, తర్వాతే తాళం తిప్పేవారు, చిన్నప్పుడు డ్యూటీకి వెంట వెళ్ళినప్పుడు చూసేవాణ్ణి. నేను నడుం నొప్పికీ మోకాలికీ కుర్చీ వెతుకుతున్నా గానీ సీటు సంగతి ఇంట్లో అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషిని అడగలేదు.

చివరికి రెడీమేడ్ దొరకలేదు, ఇక్కడే ఒక వర్క్‌షాపులో చేయించాం. కూర్చున్నాక సీటు ఎత్తు 17, లోతు 16న్నర, 40 డెన్సిటీ, బూడిద రంగు గుడ్డ, చేతులు మందం టేకు, గోడకి దగ్గరగా పెట్టే మోటార్ మెకానిజం, మొత్తం 37 వేలయ్యింది. బటన్లు ఎడమ చేతి వైపు పెట్టించుకున్నారు, కుడి చేత్తో పేపరు పట్టుకుంటారట. ప్లగ్ ఇన్వర్టర్ లైన్‌కి మార్చాం, సీతమ్మధార గారూ, మీరు రాసింది చదివాక కుర్చీ రాకముందే ఆ పని చేయించా.

రెండు రోజులు మా అమ్మ పక్కన నిలబడింది, మూడో రోజు నుంచి అవసరం రాలేదు. పాదాలు వెనక్కి లాక్కుని, రెండు చేతులూ టేకు మీద ఆనించి, ఒక్క ఊపులో లేస్తున్నారు. పడక్కుర్చీ బాల్కనీలో వేశాం, అమ్మ సాయంత్రం పూట అందులో కూర్చుంటోంది. ఒక్కటే, వాలేటప్పుడు ఎడమ పక్క కిర్రుమని చిన్న సౌండ్ వస్తోంది, దీనికేం చేయాలి?

తెనాలి సోఫా పని:

కొత్తల్లో వస్తది అన్నా, ఫ్రేముకి మెకానిజం బిగించిన బోల్టులు నెల తిరిగేసరికి కొద్దిగా వదులవుతాయి. కుర్చీ పూర్తిగా తెరిచి, ప్లగ్ పీకేసి, కింద రెండు పక్కలా స్పానర్‌తో ఒకసారి బిగించు. కీళ్ళ దగ్గర కుట్టు మిషన్ నూనె రెండు చుక్కలు చాలు, ఎక్కువ పోస్తే గుడ్డకి అంటుద్ది.