ట్వీట్ పెడితే మధ్యాహ్నానికి పని, అర్జీ ఇస్తే నెలలు: ఇది మెచ్చుకోవాల్సిన విషయమేనా?

కాలనీ_కార్యదర్శి:
మా కాలనీ మలుపులో మ్యాన్‌హోల్ మూత పగిలింది. అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద అర్జీ రాసి వార్డు ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాం. వారాలు గడిచాయి, ఎవరూ రాలేదు. ఈలోగా పక్క వీధి కుర్రాడు ఫొటో తీసి మంత్రిగారినీ కమిషనర్‌గారినీ ట్యాగ్ చేసి ట్విట్టర్‌లో పెట్టాడు (2023 నుంచి ఎక్స్ అనాలట, నాకు నోరు తిరగదు). పొద్దున పెడితే మధ్యాహ్నానికి కొత్త మూత. వెంటనే "పరిష్కరించాం" అని ఫొటోతో జవాబు. కాలనీ గ్రూపులో ఒకటే చప్పట్లు.

నాకు మాత్రం ఒళ్లు మండింది. మూత స్టోర్‌లో ఉంది, మనుషులున్నారు, బండి ఉంది. మరి మా కాగితానికి రాని బండి ఫొటోకి ఎందుకొచ్చింది? నా వాదన ఇది: మంత్రులు, అధికారులు సోషల్ మీడియాలో విడివిడి ఫిర్యాదులకు జవాబివ్వడం మానెయ్యాలి. వాన హెచ్చరికలు, కరెంటు కోతల వేళలు, టీకా శిబిరాలు, అవన్నీ అక్కడ చెప్పండి, సంతోషం. ఫిర్యాదు మాత్రం నంబరూ గడువూ ఉన్న చోటే తీసుకోవాలి. కేంద్రం ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో 2024 ఆగస్టు నుంచి 21 రోజుల గడువు పెట్టారు, అంతకుముందు 30 ఉండేది. తృప్తి లేకపోతే అప్పీలు కూడా చేసుకోవచ్చు. ట్వీట్‌కి అప్పీలు ఎక్కడుంది?

జగిత్యాల_పోరడు:
కార్యదర్శి సారూ, మూత కథ వేరు, మనిషి కథ వేరు. మా దిక్కు ఇంటికొకలు గల్ఫ్‌ల ఉంటరు. మా వాడకట్టు మనిషిని ఏజెంటు డ్రైవర్ పనని తీస్కపోయి ఎడారిల ఒంటెల కాడ పెట్టిండు. పాస్‌పోర్టు కఫీల్ (అక్కడ పనికి పెట్టుకున్న యజమాని) దగ్గర. ఇంట్ల ఆమె పిల్లను సంకనేసుకొని ఎన్ని ఆఫీసులు తిరిగినా "ఇది మా పరిధి కాదమ్మా" అన్నోళ్లే. ఆఖరికి ఆయన సెల్ఫోన్ల తీసిన వీడియో ట్విట్టర్ల పెట్టినంక కదిలిండ్రు.

సుష్మా స్వరాజ్ విదేశాంగ మంత్రిగ ఉన్న 2014–19 మధ్యల ఆమె పేరు తెల్వని గల్ఫ్ ఇల్లు మా దిక్కు లేదు. అంగారకుడి మీద చిక్కుకున్నా అక్కడి మన ఎంబసీ ఆదుకుంటదని 2017ల రాసింది. నవ్వులాటకే రాసింది గని, ఇక్కడ ఏడ్చేటోళ్లకు ఆ మాట ఎంత ధైర్యమో మీకు తెల్వది. 2016ల ఒకాయన ఫ్రిజ్ పాడైందని ఆమెకే ట్వీట్ పెడితే, తమ్మీ నేను ఆపదలున్న మనుషుల పనిల ఉన్న అని జవాబిచ్చింది. ఏది ఫ్రిజ్జో ఏది ప్రాణమో చూసి చెప్పే మనిషి అవుతల ఉంటే చాలు. బంజేయుమనకుండ్రి.

కాలనీ_కార్యదర్శి:
తమ్ముడూ, ఆమె హయాంలోనే 2015లో మదద్ పోర్టల్ వచ్చింది. విదేశాల్లో చిక్కుకున్నవాళ్ల ఫిర్యాదులకే పెట్టారు. నంబరు ఇస్తారు, ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు. నేనడిగేది అదే కదా.

జగిత్యాల_పోరడు:
ఒంటెల కాడ ఉన్నోడు ఫారం నింపుతడా సార్? వీడియో తీస్తడు, గంతే.

స్తంభం_కింద:
నేను కరెంటు డిపార్ట్‌మెంట్‌లో ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజనీర్‌ని. ఏ సర్కిలో అడగొద్దు. ఆఫీసు లోపలి సంగతి చెప్తాను.

ఈదురుగాలి వచ్చిన రాత్రి నా సెక్షన్‌లో ఫీడర్ (చాలా వీధులకి కరెంటు తెచ్చే పెద్ద లైను) ట్రిప్ అవుతుంది, నాలుగు చోట్ల జంపర్లు (లైన్లని కలిపే తీగ ముక్కలు) తెగుతాయి, ఏదో బస్తీలో ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. ఉన్న లైన్‌మన్లు ఇద్దరు ముగ్గురు. మామూలుగా అయితే ముందు ఫీడర్ నిలబెట్టాలి, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్, చివరికి ఒక్కో ఇంటి ఫ్యూజ్ కాల్స్. ఎక్కువమందికి వెలుగు వచ్చే క్రమం అది. సరిగ్గా అప్పుడే పైనుంచి ఒక స్క్రీన్‌షాట్ వస్తుంది: ఫలానా అపార్ట్‌మెంట్‌లో కరెంటు లేదు, మంత్రిగారిని ట్యాగ్ చేశారు, అరగంటలో ఫొటో పంపు. ఏం చేస్తాను? ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎల్‌సీ (లైను ఆపి పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) తీసుకుని పని మొదలుపెట్టబోతున్న వాణ్ని దింపి అక్కడికి పంపిస్తాను. బస్తీలో రెండొందల ఇళ్లు ఇంకో గంట చీకట్లో ఉంటాయి. వాళ్లు ట్వీట్ పెట్టలేదు, అదే వాళ్ల తప్పు.

ఇంకో సంగతి జనానికి అస్సలు తెలీదు. విద్యుత్ చట్టం 2003లో సెక్షన్ 57 అని ఉంది. నిర్ణీత వేళలో సర్వీసు ఇవ్వకపోతే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వినియోగదారుడికి పరిహారం కట్టాలి. దానికి ఆధారం 1912కి కాల్ చేస్తే వచ్చే ఫిర్యాదు నంబరు. తేలకపోతే వినియోగదారుల ఫోరం, ఆ పైన విద్యుత్ అంబుడ్స్‌మన్. ట్వీట్ పెట్టి ఊరుకున్నవాడికి బల్బు వెలుగుతుంది, చేతిలో కాగితం మాత్రం ఉండదు. మా పైవాళ్లకి ట్వీట్లంటే అంత ప్రేమ ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

గాంధీ_దగ్గర_నర్సు:
ఏఈగారు చెప్పింది నిజమే, కానీ కరోనా ముదిరిన 2021 ఏప్రిల్, మే నెలలు మర్చిపోయారా అందరూ? బెడ్ ఎక్కడుంది, ఆక్సిజన్ ఎక్కడుంది, రెమ్‌డెసివిర్ ఎవరి దగ్గరుంది, ఇవి చెప్పే సర్కారు నంబరు ఒక్కటీ సరిగా పలికేది కాదు. ముక్కూమొహం తెలియని పిల్లలు ట్విట్టర్‌లో లిస్టులు కట్టి, ఫోన్ చేసి ఉందో లేదో కనుక్కుని మరీ పెట్టారు. కేటీఆర్‌గారి ఆఫీసూ అక్కడే విజ్ఞప్తులు తీసుకుంది. సోషల్ మీడియాలో కష్టం చెప్పుకున్నవాళ్ల మీద కేసులు పెడితే కోర్టు ధిక్కారంగా చూస్తామని ఆ ఏప్రిల్ 30న సుప్రీంకోర్టే అనాల్సి వచ్చింది. నంబరున్న చోటుకే వెళ్లమంటే ఆ రోజుల్లో ఎన్ని ప్రాణాలు పోయేవో!

మాజీ_పీఏ:
నేనొక ఎమ్మెల్యే ఆఫీసులో సోషల్ మీడియా చూసేవాణ్ని. ఏ పార్టీ అన్నది అనవసరం, అందరిదీ ఒకటే పద్ధతి.

పొద్దున్నే ట్యాగ్‌లన్నీ తీసి వడపోస్తాం. ఫాలోవర్లు ఎక్కువున్నవాళ్లది ముందు. జర్నలిస్టు రీట్వీట్ చేస్తే ఇంకా ముందు. ఫొటో బాగుండి, పని చిన్నదై, సాయంత్రంలోగా "అయిపోయింది" అని పెట్టగలిగేది అన్నిటికంటే ముందు. మూతలు, వీధి దీపాలు, ఆస్పత్రిలో ఒక బెడ్, ఇవి మాకు బంగారం. పాస్‌బుక్‌లో పేరు తప్పు, భూమి పంచాయతీ, పింఛను ఆగిపోవడం, వీటి జోలికి వెళ్లం. ఆర్డీవో దగ్గర ఆర్నెల్లు నలిగే పనికి ఫొటో ఏముంటుంది? సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి ఎర్రటి ఎండలో కలెక్టరేట్‌కి వచ్చే ముసలివాళ్లవన్నీ ఇలాంటి పనులే. నర్సుగారు చెప్పిన రెండు నెలలు వేరు. మిగతా కాలమంతా ఇదే.

తిట్టేవాళ్లని ఏం చేస్తాం అంటారా, బ్లాక్.

మిషిగన్_రావు:
బ్లాక్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, అమెరికాలో మా మిషిగన్ రాష్ట్రంలో దీని మీద పెద్ద కేసే నడిచింది. పోర్ట్ హ్యూరన్ అనే ఊళ్లో సిటీ మేనేజర్ తన ఫేస్‌బుక్ పేజీలో కూతురి ఫొటోలూ పెట్టేవాడు, ఊరి కబుర్లూ పెట్టేవాడు. కోవిడ్ విషయంలో నిలదీసిన ఒకతన్ని బ్లాక్ చేశాడు. అది అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2024 మార్చిలో తేలింది. సర్కారు తరఫున మాట్లాడే అధికారం అతనికి నిజంగా ఉండి, ఆ పోస్టుల్లో ఆ అధికారాన్నే వాడినట్టు కనిపిస్తేనే అది ప్రభుత్వ చర్య, లేకపోతే అతని సొంత పేజీ అన్నారు. జడ్జీలందరిదీ ఒకే మాట. అంటే "ఇది నా పర్సనల్ అకౌంట్" అని పైన రాసుకుంటే సగం తప్పించుకోవచ్చు. మన మంత్రుల అకౌంట్లన్నీ సొంత పేర్లతోనే కదా ఉంటాయి? పదవి పోతే ఫాలోవర్లూ, జనం పెట్టుకున్న మొరలూ ఆయనతోనే ఇంటికి పోతాయి. ఆఫీసు పేరుతో అకౌంట్ ఉంటే తర్వాత వచ్చినవాడికి అప్పజెప్పొచ్చు. ముందు అది అడగండి.

వేపచెట్టు_నీడ:
మా ఎమ్మెల్యేగారికి ట్వీట్ పెడితే పుట్టినరోజు శుభాకాంక్షలకి మాత్రం ఠంచనుగా జవాబు వస్తుంది. నీళ్ల ట్యాంకర్ కావాలంటే ఆయన పుట్టినరోజు దాకా ఆగాలి.

సచివాలయం_డెస్క్:
నేను గోదావరి జిల్లాలో గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌నండి. మీరంతా ట్విట్టరే సోషల్ మీడియా అన్నట్టు మాట్లాడుతున్నారు. మా ఊళ్లో ట్విట్టర్ ఎవరికుందండీ? వాట్సాప్ అందరికీ ఉంది. ఆంధ్రాలో 2025 జనవరి 30న మన మిత్ర అని వాట్సాప్‌లోనే మొదలెట్టారు, 161 సేవలతో. బిల్లు కట్టొచ్చు, సర్టిఫికెట్ అడగొచ్చు, ఫిర్యాదు కూడా పెట్టొచ్చు. కార్యదర్శిగారూ, మీరడిగే నంబరు అక్కడ వస్తుందండి. ఎవరిని ట్యాగ్ చేశారు, ఎంతమంది ఫాలోవర్లు అన్న గొడవ లేదు.

అయితే మామ్మలు మాత్రం ఫోను నా చేతికిచ్చి "నువ్వే నొక్కమ్మా" అంటారు. ఓటీపీ కొడుకు ఫోనుకి వెళ్తుంది, కొడుకు హైదరాబాదులో ఉంటాడు, డ్యూటీలో ఫోనెత్తడు. ఆ రోజుకి పని ఆగినట్టే. కాబట్టి డెస్కులో మనిషి ఉండాల్సిందే. ఆ మనిషిని తీసెయ్యడానికి ఇది సాకు కాకుండా ఉంటే చాలండి, నా ఉద్యోగం సంగతి పక్కన పెట్టినా.

కాలనీ_కార్యదర్శి:
సచివాలయం అమ్మాయి చెప్పిన పద్ధతికి నాకు అభ్యంతరం లేదు. జగిత్యాల తమ్ముడి మాట, నర్సుగారి మాట కూడా తీసెయ్యను, ప్రాణం మీదికొస్తే ఎక్కడైనా అరవాల్సిందే. మిగతా వాటికి ఒక్క షరతు. ట్వీట్ చూసిన ఆఫీసు "పరిష్కరించాం" అనే ముందు దాన్ని ఫిర్యాదుగా నమోదు చేసి, ఆ నంబరు అక్కడే జవాబులో పెట్టాలి. అర్జీలతో పాటే వరసలో నిలబెట్టాలి. ఇందులో కష్టమేముంది?

మాజీ_పీఏ:
చెయ్యడానికి రెండు నిమిషాలు పట్టదు సార్. ఒప్పుకోరు, అంతే. నంబరు వేస్తే నెలాఖరుకి ఎన్ని వచ్చాయి, ఎన్ని మిగిలాయి అని ఎవడో పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద అడుగుతాడు, 30 రోజుల్లో చెప్పాలి. ఇప్పుడైతే జవాబిచ్చినవే జనానికి కనబడతాయి. ఇవ్వనివి పెండింగ్ కింద కూడా లెక్కకు రావు.

స్తంభం_కింద:
రాస్తే ఆ పెండింగ్ నా పేరు మీదే వస్తుంది, మంత్రిగారి పేరు మీద కాదు. అయినా రాయమనే అంటాను. లైన్‌మన్లు ఎంతమంది తక్కువున్నారో అప్పుడైనా బయటపడుతుంది.

జగిత్యాల_పోరడు:
సరే రాయుండ్రి. గని నంబరిచ్చి, ఇగ పోర్టల్ల చూస్కో అని పండుకోవద్దు. మాకు ఫోనెత్తే మనిషి కావాలె.