యూసీఎల్‌ఏ పతనానికి కారణం కోచ్ నిష్క్రమణా, మారిన నిబంధనలా?

బసవనగుడి వాసి:
లాస్ ఏంజిలిస్‌లోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ జట్టు 1964 నుంచి 1975 వరకు పన్నెండేళ్లలో 10 ఎన్‌సీఏఏ (అమెరికా కళాశాలల క్రీడాసంఘం) టైటిళ్లు గెలిచింది. అందులో 1967 నుంచి 1973 వరకు వరుసగా ఏడు. కోచ్ జాన్ వుడెన్ 1975లో విరమించిన తర్వాత మరో టైటిల్ రావడానికి 1995 దాకా ఆగవలసి వచ్చింది. గురువు వెళ్లిపోయాడు కనుక జట్టు పడిపోయిందని నా అభిప్రాయం. ఇక్కడ బెంగళూరు కంఠీరవ స్టేడియంలో పోటీలు చూసే మన తెలుగువారిలోనూ ఎక్కువమంది ఇదే మాట అంటారు. కాదనేవారు ఆధారాలతో రాయవలసిందిగా కోరుతున్నాను.

వైట్‌ఫీల్డ్ పాఠకుడు:
మూర్తిగారి అభిప్రాయంతో, అంటే బసవనగుడి వాసిగారి అభిప్రాయంతో, నేను ఏకీభవించలేను. ఎందుకంటే ఆ జట్టు పడిపోవడం వుడెన్ బెంచి మీద కూర్చుని ఉండగానే మొదలైంది. 1974 జనవరి 19న నోటర్‌డామ్ మీద 70–59 ఆధిక్యంలో ఉండి, ఆ తర్వాత ఒక్క పాయింటు కూడా చేయలేక 71–70తో ఓడిపోవడంతో వరుసగా 88 విజయాల పరంపర ముగిసింది. రెండు నెలల తర్వాత సెమీఫైనల్‌లో, డిసెంబరులో తాము 84–66తో చిత్తు చేసిన నార్త్ కరోలినా స్టేట్ చేతిలోనే, రెండో ఓవర్‌టైమ్‌లో ఏడు పాయింట్ల ఆధిక్యాన్ని పోగొట్టుకుని 80–77తో ఓడిపోయారు. అప్పటికి ప్రధాన ఆటగాడు బిల్ వాల్టన్ జట్టులోనే ఉన్నాడు, ఆ ఆటలో 29 పాయింట్లు చేశాడు కూడా.

అసలు ఆ ఏడు టైటిళ్ల కాలంలో పోటీ ఎలా ఉండేదో చూడాలి. ఒక్కో కాన్ఫరెన్స్ (కొన్ని కళాశాలలు కలిసి ఆడే లీగు) నుంచి ఒక్క జట్టుకే ప్రవేశం ఉండేది. యూసీఎల్‌ఏ పశ్చిమ ప్రాంత జట్లతో ఆడి సెమీఫైనల్‌కు చేరేది. నాలుగు ఆటలు గెలిస్తే టైటిల్ చేతికొచ్చేది. 1971లో పొరుగునే ఉన్న యూఎస్‌సీ విశ్వవిద్యాలయం 24 గెలిచి రెండే ఓడింది, ఆ రెండూ యూసీఎల్‌ఏ చేతిలోనే; అయినా దానికి ఎన్‌సీఏఏ పోటీలో చోటు దక్కలేదు. 1975లో 32 జట్లకు, 1985లో 64 జట్లకు పోటీ విస్తరించాక గెలవవలసిన ఆటలు అయిదు, ఆపై ఆరు అయ్యాయి. నాకౌట్‌లో ప్రతి అదనపు ఆటా బలమైన జట్టుకే ఎక్కువ ప్రమాదం. ప్రతిభంతా ఒకేచోట పోగుపడడం కూడా ఆ కాలపు లక్షణమే: స్వెన్ నేటర్ వాల్టన్‌కు ప్రత్యామ్నాయంగా ఉండి, కళాశాల ఆటలో ఒక్కసారీ తొలి అయిదుగురిలో దిగకుండానే, వృత్తి లీగు జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఎంపికయ్యాడు.

జయనగర్ అభిమాని:
యూఎస్‌సీ ఉదాహరణ మీ వాదననే దెబ్బతీస్తుందండీ. దేశంలోని గట్టి జట్లలో ఒకదాన్ని యూసీఎల్‌ఏ పోటీకి ముందే రెండుసార్లు ఓడించింది కదా. దాన్ని లోపలికి రానిచ్చినా ఫలితం మారేదని ఎలా చెప్పగలం? మన ఊరికే సంబంధించిన ఒక పోలిక చెబుతాను. రంజీ ట్రోఫీని వరుసగా 15 సార్లు గెలిచిన బొంబాయిని ఇదే 1974లో, ఇదే బెంగళూరులో, ప్రసన్న నాయకత్వంలోని కర్ణాటక సెమీఫైనల్‌లో తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతో ఇంటికి పంపింది. అయినా బొంబాయి ఆ వెంటనే మూడేళ్లూ మళ్లీ గెలిచింది. ఒక్క ఓటమిని పతనమనలేం. 1975లో యూసీఎల్‌ఏ కూడా 32 జట్ల పోటీలోనే, అయిదు ఆటలూ గెలిచి, ఫైనల్‌లో కెంటకీని 92–85తో ఓడించింది. అప్పుడు వుడెన్ ఉన్నాడు, తర్వాత లేడు. తేడా అదే.

వైట్‌ఫీల్డ్ పాఠకుడు:
1975 విషయంలో మీ మాట బలమైనదే. కానీ, అదే ఏడాది లూయీవిల్‌పై సెమీఫైనల్ ఓవర్‌టైమ్‌లో ఒక్క పాయింటుతో గట్టెక్కారని కూడా గుర్తుంచుకోవాలి. మునుపటి జట్టు ఇంత సన్నని అంచు మీద నడవలేదు. వుడెన్ తర్వాత వచ్చిన జీన్ బార్టో, 1973 ఫైనల్‌లో వాల్టన్ 44 పాయింట్లకు బలైన మెంఫిస్ స్టేట్ కోచ్, రెండు సీజన్లలో 52 గెలిచి తొమ్మిదే ఓడాడు. మొదటి ఏడాది సెమీఫైనల్‌లో అతన్ని ఆపింది ఆ సీజన్‌లో ఒక్క ఆటా ఓడని ఇండియానా. అయినా విమర్శలు తట్టుకోలేక 1977లో వెళ్లిపోయాడు. 1975–1988 మధ్య ఆ కుర్చీలో అయిదుగురు కూర్చున్నారు. ఇక్కడే మీ ఇద్దరి వాదన నాకు అంగీకారం కావడం లేదు: వుడెన్ 1948లో చేరి, మొదటి టైటిల్ తన పదహారో సీజన్‌లో తెచ్చాడు. అతని స్థాయి మనిషే మళ్లీ దొరికినా రెండేళ్లకు మించి ఆగేవారా?

బసవనగుడి వాసి:
కోచ్‌లకు సమయం ఇవ్వలేదన్నది నిజమే గాని, ఆ అసహనాన్ని పుట్టించింది వుడెన్ వదిలివెళ్లిన ప్రమాణమే. అంటే మీరు చెప్పిన కారణం కూడా తిరిగి ఆయన నిష్క్రమణ దగ్గరికే వస్తోంది. నిబంధనలే కారణమైతే, 64 జట్ల కాలంలో డ్యూక్ 1991, 1992లలో వరుసగా రెండుసార్లు ఎలా గెలిచిందో వివరించగలరా?

వైట్‌ఫీల్డ్ పాఠకుడు:
రెండు గెలిచింది, ఏడు కాదు. 1973 తర్వాత పురుషుల పోటీలో వరుసగా మూడు టైటిళ్లు గెలిచిన జట్టు ఏదీ లేదు, కోచ్ ఎవరైనా సరే.