పీసీవీ వాల్వ్: కడిగి బిగించాలా, కొత్తది వేయాలా?

పాత పెట్రోల్ బండి:
కారు ఐడ్లింగ్‌లో వణుకుతోంది, ఆయిల్ కూడా తగ్గుతోంది. చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే స్కాన్ చేయించాను, పీ0171 వచ్చింది. మెకానిక్ పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపల చేరే ఆవిరిని మళ్లీ గాలి దారిలోకి పంపేది) పీకి ఊపాడు. టకటకమంది. "వాల్వ్ బాగానే ఉంది, క్లీనర్ కొట్టి పెట్టేస్తా" అన్నాడు. అది సరిపోతుందా?

స్పానర్:
సరిపోతుంది. లోపల ఉండేది అటూఇటూ కదిలే చిన్న ప్లంజరు, స్ప్రింగు. జిడ్డు పట్టి ఇరుక్కుంటే క్లీనర్‌తో వదిలిపోతుంది. ప్రతిదానికీ కొత్త పార్టు కొనిపించడం నాకు నచ్చదు.

ఆయిల్ మరక:
స్పానర్ గారూ, దీనికి నేను ఒప్పుకోను. చప్పుడు వస్తే ప్లంజర్ ఇరుక్కోలేదని మాత్రమే అర్థం. స్ప్రింగ్ సడలిందో, ప్లంజర్ అరిగిందో ఆ చప్పుడు చెప్పదు. ఐడ్లింగ్‌లో మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాలు) వాక్యూమ్ బలంగా ఉంటుంది కాబట్టి అప్పుడు వాల్వ్ దారిని బాగా ఇరుకు చేయాలి. చేయకపోతే గాలి ఎక్కువ పోతుంది, ఆయిల్ ఆవిరినీ వెంట లాక్కెళ్తుంది.

అందుకే వాల్వ్‌ను చేతిలో పట్టుకుని కాదు, ఇంజిన్ నడుస్తుండగా చూడాలి. వాల్వ్‌కున్న హోస్ తీయకుండా వాల్వ్‌ను ఇంజిన్ పై కవర్ నుంచి బయటికి లాగి, చివర వేలు పెట్టండి. పీల్చడం స్పష్టంగా తెలియాలి. ఏమీ తెలియకపోతే వాల్వో హోసో పూడుకుపోయింది. తర్వాత వాల్వ్‌ను యథాస్థానంలో పెట్టి, హోస్‌ను మానిఫోల్డ్ దగ్గర మెల్లగా నొక్కి పట్టండి. వణుకు తగ్గితే దోషం వాల్వ్‌లోనో ఆ హోస్‌లోనో ఉన్నట్టే. పీ0171 అంటే మిశ్రమంలో గాలి ఎక్కువైందని కదా, నా అనుమానం ముందు హోస్ మీదే.

స్పానర్:
ఇంజిన్ ఆన్‌లో చూడాలన్నది నిజమే. కానీ లోహపు వాల్వ్‌ను కడగడంలో తప్పేముంది?

ఆయిల్ మరక:
లోహపుదైతే కడగండి, కాదనను. చాలా కొత్త ఇంజిన్లలో విడి వాల్వ్ బదులు ఇంజిన్ పై కవర్‌లోనే రబ్బరు డయాఫ్రం (పలుచని పొర) ఉంటుంది. దాని మీద క్లీనర్ కొడితే రబ్బరు పాడవుతుంది. అది చిరిగితే ఐడ్లింగ్‌లో ఈల వేసినట్టు మోత వస్తుంది, ఆయిల్ మూత తీయబోతే గట్టిగా పట్టేసినట్టుంటుంది.

పాత పెట్రోల్ బండి:
నాది లోహపుదే. హోస్ నొక్కితే వణుకు ఆగింది! విప్పి చూస్తే పైకి నిక్షేపంగా ఉంది, వంపు అడుగున మాత్రం రబ్బరు ఉబ్బి మెత్తబడింది. వంచితే చీలిక నోరు తెరుస్తోంది. హోస్ ఒక్కటే మార్చనా?

ఆయిల్ మరక:
వణుకుకు అది చాలు. ఆయిల్ తగ్గుతోందన్నారు కాబట్టి వాల్వ్ కూడా మార్చండి. మీ ఇంజిన్‌కు చెప్పిన పార్ట్ నంబరే తీసుకోండి, చూడ్డానికి ఒకేలా ఉన్నా స్ప్రింగులు వేరు. మామూలు నీళ్ల పైపు వేయనివ్వకండి, వాక్యూమ్‌కు నొక్కుకుపోతుంది. పాత గ్రోమెట్ (వాల్వ్ కూర్చునే రబ్బరు రింగు) గట్టిపడి ఉంటే ముక్కలు ఇంజిన్‌లో పడకుండా నెమ్మదిగా తీయించండి.

స్పానర్:
ఇవన్నీ మార్చాక కూడా ఆయిల్ తగ్గితే ఇక వాల్వ్ జోలికి పోకండి. కంప్రెషన్ చెక్ చేయించండి, పిస్టన్ రింగులు అరిగి ఉండొచ్చు.