‘ది ఫర్మ్’కి ‘ది ఎక్స్ఛేంజ్’ నిజంగా రెండో భాగమేనా?

లెనిన్ సెంటర్ చదువరి:

కథ మొత్తం మాట్లాడుకోబోతున్నాం. ఇంకా చదవనివాళ్ళు ఇక్కడే ఆగండి.

జాన్ గ్రిషమ్ ‘ది ఫర్మ్’ 1991లో వచ్చింది. నేను చదివింది 1998లో, డిగ్రీ రెండో ఏడు. విజయవాడ లెనిన్ సెంటర్లో ముప్పై రూపాయలకి కొన్న పాత కాపీ. పై అట్ట లేదు, లోపలి పేజీ మీద ఏదో అద్దె లైబ్రరీ రబ్బరు స్టాంపు. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టాను. టామీ అనే సెక్రెటరీ గుట్టలకొద్దీ ఫైళ్ళు జిరాక్స్ తీసే చోటుకి వచ్చేసరికి పాలవాడు గేటు కొట్టాడు. ఒక జిరాక్స్ మిషన్ తిరుగుతుంటే ఊపిరి బిగబట్టి చదివించాడు గ్రిషమ్.

మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. హార్వర్డ్‌లో చదివిన పేదింటి కుర్రాడు మిచ్ మెక్‌డీర్‌ని మెంఫిస్‌లోని బెండీని, లాంబర్ట్ అండ్ లాక్ అనే సంస్థ మంచి జీతం, కారు, ఇంటి లోను ఇచ్చి తీసుకుంటుంది. ఆ సంస్థ షికాగో మాఫియాది. వదిలి వెళ్ళాలనుకున్న లాయర్లెవరూ ప్రాణాలతో బయటపడలేదు. ఒకవైపు మాఫియా, ఇంకోవైపు ఎఫ్‌బీఐ, మధ్యలో మిచ్, అతని భార్య యాబీ.

రెండో భాగం ‘ది ఎక్స్ఛేంజ్’ 2023 అక్టోబరులో వచ్చింది, అంటే ముప్పై రెండేళ్ళకి. కథలో మాత్రం పదిహేనేళ్ళు గడిచాయి, ఇప్పుడు 2005. మిచ్ న్యూయార్క్‌లో స్కల్లీ అండ్ పర్షింగ్ అనే ప్రపంచంలోకెల్లా పెద్ద లా ఫర్మ్‌లో పార్ట్‌నర్. కవల పిల్లలు. మొదట మరణశిక్ష పడ్డ ఖైదీ కేసు కోసం మెంఫిస్ వెళతాడు. నాకు ఒళ్ళు పులకరించింది, పాత లెక్కలు తేలే రోజు వచ్చిందనుకున్నాను. పాత కొలీగ్ లామార్ క్విన్ కూడా కలుస్తాడు. అంతే, ఆ ఖైదీ జైల్లో చనిపోతాడు, కథ మెంఫిస్‌ని వదిలేసి రోమ్‌కి, అక్కడినుంచి లిబియాకి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఆ ఊసే ఉండదు. ఒక టర్కీ కంపెనీ అప్పటి లిబియా నియంత గడాఫీ కోసం ఎడారిలో వంతెన కట్టింది, డబ్బులు రాలేదు, కేసు వేసింది. మిచ్ ఫర్మ్ తరఫున ఆ పని మీద వెళ్ళిన జొవానా అనే యువ లాయర్ని కిడ్నాప్ చేసి పది కోట్ల డాలర్లు అడుగుతారు. మిగతా పుస్తకమంతా ఆ డబ్బు ఎలా పోగుచేయాలన్నదే.

నా ప్రశ్న సూటిగా ఇది. మిచ్ పేరు తీసేసి ఇంకో పేరు పెడితే ఈ కథలో ఏమన్నా మారుతుందా? నా లెక్కలో మారదు. అలాంటప్పుడు అట్ట మీద ‘ది ఫర్మ్ తర్వాత’ అని వేసి మమ్మల్ని పిలవడం న్యాయం కాదు.

డల్లాస్ తెలుగబ్బాయి:

ఒప్పుకుంటున్నా అన్నా. నేను రిలీజైన వారమే కొన్నాను. మొదటి పుస్తకంలో డబ్బు తీసుకుని సముద్రం మీదికి పారిపోయిన మనిషి పదిహేనేళ్ళ తర్వాత ఎలా నిద్రపోతాడు, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాడా, పిల్లలకి ఏం చెబుతాడు అన్నది నాకు కావాలి. దానికి ఇటలీ, లండన్ అని రెండు మూడు పేజీల్లో జవాబిచ్చేసి వదిలేశాడు. సినిమా మాత్రమే చూసినవాళ్ళు ఇక్కడ తికమకపడతారు. 1993 సినిమాలో మిచ్ పారిపోడు, క్లయింట్లకి ఎక్కువ బిల్లులు వేసిన కేసు పట్టుకుని బయటపడతాడు. సీక్వెల్ నవల దారిలోనే నడిచింది.

కోర్టు వరండా:

చదువరి గారూ, నేను గుంటూరు సివిల్ కోర్టుల్లో ఇరవై రెండేళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్నాను. మీ బాధ అర్థమైంది. ఒక్క విషయంలో మాత్రం మీతో గట్టిగా విభేదిస్తాను. లిబియా కేసుని మీరు ‘డబ్బులు రాలేదు, కేసు వేసింది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు నచ్చిందే అది.

ఆ కేసు నడిచేది ఆర్బిట్రేషన్‌లో, అంటే కోర్టు బయట మధ్యవర్తులు తేల్చే పద్ధతిలో. అక్కడ జ్యూరీ ఉండదు, గ్యాలరీ ఉండదు, సినిమాలోలా లేచి అరవడం ఉండదు. కాగితాలు, లెక్కలు, ముగ్గురు మధ్యవర్తులు. చివర్న ఒక అవార్డు, అంటే వాళ్ళ తీర్పు. 1958 న్యూయార్క్ ఒప్పందం పుణ్యమా అని ఒక దేశంలో వచ్చిన అవార్డుని ఇంకో దేశంలో అమలు చేయమని అడగొచ్చు. మన దగ్గర 1996 ఆర్బిట్రేషన్ చట్టంలో దానికి విడిగా ఒక భాగమే ఉంది. హైదరాబాద్‌లో 2021 డిసెంబరులో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ సెంటర్ మొదలైందంటే ఇలాంటి తగాదాలు మన గడప దాకా వచ్చాయనే కదా. కానీ కాగితం మీద గెలిచి, ఒక నియంత చేతిలోనుంచి డబ్బు రాబట్టడం ఎలా? మా దగ్గరికి వచ్చే రైతు, ‘డిక్రీ వచ్చింది కదయ్యా, ఇంకా ఈపీ ఏంటి’ అని అడుగుతాడు. డిక్రీ వచ్చాక ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేసి, ఆస్తి వెతికి, అటాచ్ చేయించే దాకా రూపాయి చేతికి రాదు. అసలు యుద్ధం అక్కడే. ఇంత పెద్ద లీగల్ థ్రిల్లర్ దానిని కథలోకి తెచ్చినందుకు నేను సంతోషించాను.

సంవత్సరం కూడా ఊరికే పెట్టలేదు. గడాఫీ 2003 చివర్లో ఆయుధాల కార్యక్రమం వదిలేస్తానన్నాడు, ఆంక్షలు సడలాయి, విదేశీ కంపెనీలు మళ్ళీ లిబియా తలుపు తట్టాయి. 2005లోనే ఈ కథ జరగాలి.

నా ఫిర్యాదు వేరే. ఇంత మంచి కేసుని తెచ్చి, కిడ్నాప్ రాగానే దాన్ని వెనక బెంచీలో కూర్చోబెట్టాడు. లీగల్ థ్రిల్లర్లో లీగల్ తగ్గిపోయింది.

బీటెక్ ఫైనలియర్:

నేను ముందు ‘ఎక్స్ఛేంజ్’ చదివా, తర్వాతే ‘ఫర్మ్’. రెండు రోజుల్లో అయిపోయింది, ఎక్కడా బోర్ కొట్టలేదు. పాత పుస్తకం మీద ప్రేమ లేకుండా చదివితే ఇది మంచి థ్రిల్లరే అండీ. అందరూ ఎందుకింత కోపంగా ఉన్నారో మొదట అర్థం కాలేదు. ‘ఫర్మ్’ చదివాక కొంచెం అర్థమైంది.

ఉప్పల్ నుంచి:

లిబియాలో కిడ్నాప్ నమ్మేలా లేదని వేరేచోట చాలామంది అనగా విన్నాను. వాళ్ళకోసం ఒక మాట.

2015 జులైలో సిర్తే యూనివర్సిటీలో పనిచేసే నలుగురు భారతీయులు ఇంటికి బయల్దేరితే దారిలో చెక్‌పోస్టు దగ్గర పట్టుకున్నారు. కర్ణాటక వాళ్ళిద్దరినీ కొద్ది రోజుల్లోనే వదిలేశారు. మిగతా ఇద్దరూ మన తెలుగువాళ్ళు. ఏడాది దాటింది. 2016 సెప్టెంబరులో బయటికి వచ్చారు. అప్పటికి మా తమ్ముడు మస్కట్‌లో ఉన్నాడు. లిబియాకి మస్కట్‌కి ఎంత దూరమో మా అమ్మకి తెలియదు. రోజూ పొద్దున పేపరు రాగానే ‘ఆ ఇద్దరి సంగతి ఏమన్నా రాశారేమో చూడు’ అనేది. వార్త లేని రోజు తమ్ముడికి ఫోన్ చేసేది. వాడు ఎత్తేదాకా స్టవ్ వెలిగించేది కాదు.

అందుకే జొవానా తండ్రి లూకా రోమ్‌లో కేన్సర్‌తో మంచం మీద ఉండి, ఫోన్ కోసం ఎదురుచూసే భాగం చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టాను. మిచ్ పేరు మార్చినా, మార్చకపోయినా నాకు ఆ కొన్ని పేజీలు చాలు.

వరంగల్ పాఠకురాలు:

ఉప్పల్ గారూ, మీరు రాసింది చదివాక వాదించడానికి నోరు రావట్లేదు, అయినా చెప్పాలి.

గ్రిషమ్‌కి సీక్వెల్ రాయడం రాదు అనకండి. 1989లో వచ్చిన ఆయన మొదటి నవల ‘ఎ టైమ్ టు కిల్’కి 2013లో ‘సికమోర్ రో’ రాశారు, ఇరవై నాలుగేళ్ళ తర్వాత. సెత్ హబ్బర్డ్ అనే కలప వ్యాపారి కేన్సర్ బాధ తట్టుకోలేక చెట్టుకి ఉరేసుకుంటాడు. ముందురోజు సొంత చేతిరాతతో వీలునామా రాసి లాయర్ జేక్ బ్రిగన్స్‌కి పోస్టు చేస్తాడు. అందులో పిల్లలకి చిల్లిగవ్వ లేదు, ఆస్తిలో ఎక్కువ భాగం ఇంట్లో పనిచేసే నల్లజాతి స్త్రీ లెటీ లాంగ్‌కి. అదే ఊరు, అదే కోర్టు హాలు, కూతుర్ని చెరిచినవాళ్ళని చంపిన నల్లజాతి తండ్రి తరఫున జేక్ వాదించిన మొదటి కేసు జరిగి మూడేళ్ళే అయింది, ఆ గాయం ఊళ్ళో ఇంకా పచ్చిగానే ఉంది. జేక్ ఇల్లు తగలబెట్టినవాళ్ళ సంగతి కూడా అందులో వస్తుంది. మొదటి పుస్తకంలో జరిగినదానికి రెండో పుస్తకంలో మనుషులు ఇంకా లెక్క చెబుతున్నారు. రెండో భాగమంటే నాకు అది.

‘ఎక్స్ఛేంజ్’లో నన్ను బాధపెట్టింది యాబీ. మొదటి నవలలో ఆమె భయపడుతూనే భర్త పక్కన నిలబడి పథకం నడిపింది. ఇక్కడ వంటల పుస్తకాల ఎడిటర్. కిడ్నాపర్లు ఆమెనే ఎంచుకుని కబురు పంపుతారు. ఎందుకామె? ఆ ప్రశ్నకి నాకు తృప్తిగా జవాబు దొరకలేదు. కథ నడవడానికి ఒక మనిషి కావాలి, ఆమె దొరికింది.

కోర్టు వరండా:

మేడమ్, ‘సికమోర్ రో’ గురించి నూటికి నూరుపాళ్ళు నిజం. చిన్న మాట. మిసిసిపీలో పూర్తిగా సొంత చేతిరాతతో రాసిన వీలునామాకి సాక్షులు అక్కర్లేదు కాబట్టి ఆ కథ నిలబడింది. మన దగ్గర 1925 వారసత్వ చట్టం ప్రకారం ఇద్దరు సాక్షులు ఉండాలి. ఇది చదివి ఎవరూ ఇంట్లో ఒంటరిగా కూర్చుని వీలునామా రాయకండి. అలాంటి కాగితాలు పట్టుకుని వచ్చి ఏడ్చినవాళ్ళని నేను చూశాను.

మాజీ అసోసియేట్:

నేను హైదరాబాద్‌లో ఒక పెద్ద లా ఫర్మ్‌లో నాలుగేళ్ళు పనిచేశాను. పేరు చెప్పను. చదువరి గారి ప్రశ్నకి నా జవాబు ‘మారుతుంది’.

పది కోట్ల డాలర్ల కోసం మిచ్ అందరి దగ్గరికీ వెళతాడు కదా. ప్రభుత్వాలు, బీమా, క్లయింటు, చివరికి సొంత ఫర్మ్. తమ లండన్ ఆఫీసు అమ్మాయి, తమ పని మీదే వెళ్ళి ఎక్కడో బందీగా పడి ఉంది. కమిటీ కూర్చుంటుంది. సంపన్నులైన పార్ట్‌నర్లు అప్పు తీసుకోవడానికి భయపడి చేతులెత్తేస్తారు. మిచ్ ఆ ఫర్మ్ వదిలేస్తాడు.

నా మూడో ఏడాదిలో మా టీమ్ జూనియర్ ఒకడు రాత్రి రెండింటికి డాక్యుమెంట్లు క్లయింటుకి ఇచ్చి బండి మీద వస్తూ గచ్చిబౌలి దగ్గర పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ ముందు ఆస్పత్రివాళ్ళు డిపాజిట్ అడిగారు. నేను ఆఫీసుకి ఫోన్ చేస్తే ‘పాలసీ చూసి చెబుతాం’ అన్నారు. పొద్దున తొమ్మిదిన్నరకి మెయిల్ వచ్చింది. మొదటి లైన్లో వాడు త్వరగా కోలుకోవాలని ఉంది. రెండో లైన్లో వాడి ఫైళ్ళు ఎవరికి అప్పగించారో ఉంది. డిపాజిట్ మేం ఆరుగురం కార్డులు గీకి కట్టాం. వాడి లాప్‌టాప్ బ్యాగు నా భుజాన ఉంది, దాని జిప్పులో రోడ్డు మట్టి. ఆ మెయిల్ ఇప్పటికీ నా దగ్గరుంది.

కాబట్టి నాకు రెండు పుస్తకాలూ ఒకే కథ. మెంఫిస్ ఫర్మ్ వదిలి వెళ్ళేవాడిని చంపేది. న్యూయార్క్ ఫర్మ్ ఎవరినీ చంపదు, చట్టం దాటదు, ఓటు వేసి వదిలేస్తుంది. మొదటిదాన్ని చూసి బయటపడిన మనిషి రెండోదాన్ని ఏళ్ళ తరబడి ఇల్లు అనుకున్నాడు. ఆ గదిలో కూర్చున్నవాడు మిచ్ కాకపోతే, వాడు రాజీనామా చేసిన ఇంకో లాయర్, అంతే. మిచ్ కాబట్టి నాకు కడుపులో తిప్పింది.

డల్లాస్ తెలుగబ్బాయి:

ఇది నాకు తట్టలేదు బ్రో. కానీ ఇంత బలమైన సంగతిని రచయిత ఎందుకు చెప్పలేదు? ఆ గదిలో మిచ్‌కి బెండీని గుర్తు రావాలి కదా, ఒక్క పేరా చాలు. మనం నింపుకుంటున్నాం, ఆయన రాయలేదు.

మాజీ అసోసియేట్:

విడమరిచి చెప్పలేదు, నిజమే. చెప్పి ఉంటే బాగుండేది. లేకపోయినా ఉందనే నేనంటాను.

లెనిన్ సెంటర్ చదువరి:

నిన్న రాత్రి ఆ కమిటీ భాగం మళ్ళీ తీసి చదివాను. మాజీ అసోసియేట్ గారూ, పేరు మారిస్తే ఏమీ మారదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ మీటింగ్‌కి మిచ్చే కావాలి. ఇరవై ఏళ్ళప్పుడు నేను ఫైళ్ళు ఎలా బయటికి పోతాయో చూస్తూ చదివాను, ఇప్పుడు ఆ గదిలో ఎవరెవరు తల దించుకున్నారో చూస్తూ చదివాను. మీ జూనియర్ ఇప్పుడు బాగా నడుస్తున్నాడా?

మిగతా రెండు విషయాల్లో మాత్రం నేను కదలను. మెంఫిస్‌కి తీసుకెళ్ళి ఊరికే తిప్పి పంపడం మోసమే. రెండోది, జొవానా క్షేమంగా వస్తుంది, సరే. కానీ ఆమెని ఎత్తుకెళ్ళింది ఎవరో చెప్పకుండా పుస్తకం మూసేశారు. అంతమంది చచ్చిపోయారు, అంత డబ్బు పోయింది, ఎవరికి? థ్రిల్లర్ చదివేవాడికి ఆ జవాబు బాకీ ఉంటుంది.

ఉప్పల్ నుంచి:

నాకు ఆ బాకీ అనిపించలేదండీ. మనిషి వచ్చిందా లేదా అన్నదే చూసుకున్నాను. మా అమ్మ కూడా ఆ ఇద్దరూ వచ్చారన్న వార్త చూశాక, పట్టుకున్నది ఎవరని ఒక్కసారి కూడా అడగలేదు.

మాజీ అసోసియేట్:

నడుస్తున్నాడు చదువరి గారూ. కొంచెం కుంటుతాడు. లా మానేసి కరీంనగర్‌లో వాళ్ళ నాన్న ఫర్టిలైజర్ షాపు చూసుకుంటున్నాడు. ఈ చర్చ లింకు వాడికి పంపాను.