వైర్లు కలిపి ఫ్యాన్ తిప్పేస్తే పరీక్ష అయిపోయినట్టేనా?

బరంపురం బోనెట్:
జాగ్వార్ ఎక్స్‌జేఎస్, వీ12. బండి ఆపాక ఇంజన్ వేడిగా ఉంటే ఎడమవైపు ఎలక్ట్రిక్ ఫ్యాన్ దానంతటదే తిరగాలి. తిరగట్లేదు. వేడెక్కితే ఫ్యాన్‌ని తిప్పే థర్మో స్విచ్ ఉంది కదా, దాని వైర్లు రెండూ కలిపితే మాత్రం తిరుగుతోంది. స్విచ్ మార్చేస్తే సరి అంటున్నారు షెడ్డులో. అంతటితో ఆగొచ్చాండీ?

రాయగడ రిలే:
ఆగొచ్చు. కాకపోతే తాళం తీసేసి కలపండి. తాళం వేసినప్పుడే తిరిగి, తీయగానే ఆగిపోతే తప్పు స్విచ్‌ది కాదు, రిలేకి (స్విచ్ చెప్పగానే ఫ్యాన్‌కి కరెంటు కలిపేది) బ్యాటరీ నుంచి నేరుగా రావాల్సిన సప్లై పోయింది. అది బాగుంటే, ఇంజన్ పూర్తిగా చల్లారాక స్విచ్ విప్పి నీళ్ల గిన్నెలో ముంచి కాయండి. పక్కనే థర్మామీటరు, టెర్మినళ్లకి మల్టీమీటరు. దాని మీద కొట్టిన డిగ్రీల దగ్గర బీప్ రావాలి, చల్లారేటప్పుడు ఇంకొన్ని డిగ్రీలు దిగాక ఆగాలి.

కోరాపుట్ ఘాట్:
ఆ గిన్నె బరంపురంలో చెల్లుతుంది గానీ ఇక్కడ చెల్లదు గురువుగారూ. దాదాపు 870 మీటర్ల ఎత్తులో నీళ్లు 97 డిగ్రీలకే మరిగిపోతాయి. 98 అని కొట్టి ఉన్న మంచి స్విచ్‌ని కూడా పాడైందని పారేస్తారు. నీళ్లలో సగానికి సగం కూలెంట్ కలపండి, మరుగు ఆరేడు డిగ్రీలు పైకి పోతుంది. ఆ గిన్నె మళ్లీ వంటకి వాడొద్దు, కూలెంట్ విషం.

చంద్రపూర్ 45:
స్విచ్ సంగతి సరే అన్నా, మోటరు సంగతేంది? చల్లగున్నప్పుడు తిరిగితే ఏం లాభం? వేడెక్కినంక బుష్ పట్టేస్తది. వేడి ఇంజన్ మీదనే వైర్లు కలిపి పది నిమిషాలు తిప్పాలె. తిరుగుతుండగనే బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యాన్ ప్లస్ దాకా వోల్టేజి చూడు. అర వోల్టు దాటిందంటే రిలే పాయింట్లు గానీ, కనెక్టరు గానీ తినేస్తున్నట్టే. ఎర్త్ దిక్కు 0.2 వోల్టు దాటొద్దు. ఇంకోటి, రేడియేటర్ ముందు కాగితం పెట్టు. అతుక్కోకుండ ఎగిరిపోతే మోటరు వైర్లు ఎవరో తిప్పి కలిపిండ్రు. ఫ్యాన్ ఉల్టా తిరుగుతది, చూస్తే మాత్రం బాగనే ఉన్నట్టుంటది.

రాయగడ రిలే:
పది నిమిషాలా! బ్యాటరీ ఏం కావాలి?

చంద్రపూర్ 45:
15 ఆంపియర్లు లాగినా 2.5 ఆంపియర్ అవర్లే. దానికే పడిపోయే బ్యాటరీ ఎట్లాగూ మార్చాల్సిందే.

కోరాపుట్ ఘాట్:
అసలు పేచీ వేరే ఉంది. బండి ఆగాక నీళ్ల పంపు తిరగదు, కూలెంట్ కదలదు. స్విచ్ ఉన్నది పంపు దగ్గర, పెట్రోలు కాగేది రెండు సిలిండర్ వరసల నడుమ ఉన్న ఫ్యూయల్ రైల్లో, అంటే ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టంలో. అక్కడి వేడి స్విచ్‌కి ఎలా తెలుస్తుంది? థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) రైలుకి కట్టి, జయపురం నుంచి ఘాట్ ఎక్కించి, బోనెట్ మూసే ఉంచి బండి ఆపండి. రెండేసి నిమిషాలకి రీడింగు రాసుకోండి, అరగంట పాటు. ఒకసారి ఫ్యాన్‌తో, ఒకసారి ఫ్యాన్ ప్లగ్గు పీకి. బయటి ఎండ రెండుసార్లూ ఒకలాగే ఉండాలి. అంకెల్లో తేడా లేకపోతే వేడి మీద బండి స్టార్టు కాకపోతే ఫ్యాన్‌ని తిట్టి లాభం లేదు, గేజి పెట్టి ఆపాక ఫ్యూయల్ ప్రెషర్ నిలుస్తోందో లేదో చూడాలి. వీటన్నిటికంటే ముందు రైలు హోసులు వేళ్లతో వంచి చూడండి. గట్టిపడి చీలికలు కనిపిస్తే బండి స్టార్టే చేయొద్దు, ఈ ఇంజన్లు తరచూ తగలబడేది అక్కడే.

రాయగడ రిలే:
హోసుల మాట ఒప్పుకుంటాను. థర్మోకపుల్ మాత్రం అందరి దగ్గరా ఉండదు కదా. స్విచ్ ఖరీదు తక్కువ, ముందు అది మార్చుకోనివ్వండి.