అప్‌డేట్: విద్యార్థుల ఇళ్లకు చేరాక ఆన్ కాని పాత కంప్యూటర్లు, కారణం తెలిసింది
బడిలో పక్కన పెట్టిన కంప్యూటర్లను బాగుచేసి, లుబుంటు (ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్), లిబ్రేఆఫీస్ (ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్) ఎక్కించి, ఇంట్లో కంప్యూటర్ లేని విద్యార్థులకు ఇస్తున్నామనీ, మా దగ్గర చక్కగా నడిచినవి కొన్ని పిల్లల ఇళ్లకు చేరగానే ‘బూట్ డివైస్ లేదు’ (మొదలవడానికి కావలసిన డిస్కు కనబడలేదు) అంటూ ఆగిపోతున్నాయనీ ఇంతకుముందు అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మదర్‌బోర్డు మీది బ్యాటరీని చూడమన్న సలహాయే ఫలించింది. మరమ్మతు నిపుణుడు మీటరు పెట్టి చూస్తే, 3 వోల్టులు ఉండవలసిన సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీలో సగం కూడా లేదు. ప్లగ్గు తీసినప్పుడు సెట్టింగులనూ తేదీనీ నిలిపేది ఈ బ్యాటరీయే. అందుకే ప్లగ్గు తీసి తరలించేసరికి బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రాము) తన సెట్టింగులన్నీ పోగొట్టుకుని, యూఈఎఫ్ఐ అనే కొత్త బూటింగ్ పద్ధతి నుంచి పాత లెగసీ పద్ధతికి మారిపోవడం వల్ల, డిస్కులో భద్రంగానే ఉన్న లుబుంటు దానికి కనిపించలేదు. బయాస్ తెర మీద తేదీ ఎన్నో ఏళ్ల వెనకటి జనవరి 1గా కనిపించడమే అసలు గుర్తు.

లుబుంటును మళ్లీ ఎక్కించడానికీ, ర్యామ్, కేబుల్ మార్చడానికీ ఈ సమస్యతో సంబంధం లేదు. ఉచిత సాఫ్ట్‌వేర్ మీద పడిన అనుమానమూ నిరాధారమే. ఆ అనుమానంతోనే పంపిణీ ఆపేద్దామనే దాకా వెళ్లాం కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను. బ్యాటరీలు మార్చి, యూఈఎఫ్ఐని తిరిగి ఎంచుకున్నాక అన్నీ నడుస్తున్నాయి. ఇప్పుడు ప్రతి కంప్యూటర్‌నూ రాత్రంతా ప్లగ్గు తీసి ఉంచి, ఉదయం తేదీ సరిగా ఉంటేనే విద్యార్థి చేతికి ఇస్తున్నాం.